నాభి నుంచి పాడమంటే పొట్ట బిగించమని కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కనుక వేయడం లేదు. వయసు 37. ఊరికి దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. బడిలో రోజంతా ఒడియా, ఇంటికొస్తే తెలుగు. చిన్నప్పటి నుంచి సంగీతం మీద మనసున్నా చదువు, ఉద్యోగం, పెళ్ళి, పాప అంటూ ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. మొన్న దసరాకి ధైర్యం చేసి, ప్రతి ఆదివారం స్కూటీ మీద సరిహద్దు దాటి పాతపట్నం వెళ్ళి ఒక పెద్ద మాస్టారి దగ్గర, సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక్కో స్వరాన్నీ రెండేసిసార్లు పాడే జంట వరసల్లో ఉన్నారు.

ఇబ్బంది ఆమె మాటల్లోనే: "గొంతుతో కాదమ్మా, నాభి నుంచి పాడు అంటారు మాస్టారు. నేను పొట్ట బిగించి పాడతాను. పది నిమిషాలకే గొంతులో గరగర, మెడ నరాలు లాగుతాయి. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకాయన పొట్ట ముందుకి రావాలంటారు, ఇంకొకావిడ లోపలికి పోవాలంటారు. ఇది చాలదన్నట్టు మా ఇంట్లో భజన ఉంది. మా పెద్దబావగారే భజన పెద్ద. శ్రీరామనవమి దగ్గర పడుతోందని వారానికి మూడు రాత్రులు కూర్చుంటున్నాం. హార్మోనియం ఒకటిన్నర శ్రుతి, అంటే మగవాళ్ళ గొంతుకి సరిపడే ఎత్తు. పైన పాడితే అరుపు, కింద పాడితే గొణుగుడు. నెల పైనుంచి పొద్దున్న లేస్తే గొంతు బొంగురు. అత్తగారు మిరియాలు, పటికబెల్లం నూరి ఇస్తున్నారు. మా పాప 'అమ్మా, నీ గొంతు నాన్న గొంతులా ఉంది' అంది. ఆ రోజు ఏడుపొచ్చింది. పైగా నా 'ఆ' కారం 'ఓ'లా వినిపిస్తోందని మాస్టారు విసుక్కుంటారు. ఈ వయసులో నాకిది తగనిదా? మానేస్తే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. మానకపోతే గొంతే పోతుందేమోనని ఇంకో భయం."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీరు ఒక్క ముక్కగా రాసి దాటేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. నెల పైనుంచి గొంతు బొంగురుగా ఉంది. మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. జలుబు చేసి పోయిన గొంతు వారం, రెండు వారాల్లో తిరిగొస్తుంది. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గలేదంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరు స్వరపేటికను కళ్ళారా చూడాలి. బయట నుంచి టార్చి వేసి చూస్తే, మాట పుట్టించే స్వరతంత్రులు కనిపించవు. చిన్న అద్దంతోనో, సన్నటి గొట్టం లాంటి కెమెరాతోనో చూస్తారు, కొద్ది నిమిషాల పని. బరంపురంలో మీ ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీదున్న వైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. శ్రీకాకుళం దగ్గరనిపిస్తే అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళండి. టీచర్లకి స్వరతంత్రుల మీద చిన్న బొడిపెలు రావడం మామూలే. అవి చాలావరకు విశ్రాంతితో, గొంతు వాడే పద్ధతి మార్చుకోవడంతో తగ్గుతాయి. కోత మొదటి మందు కాదు. థైరాయిడ్ మందకొడిగా ఉన్నా, రాత్రి కడుపులోని పులుపు పైకి ఎగదన్నినా గొంతు ఇలాగే మారుతుంది. పొద్దున్న లేవగానే ఎక్కువంటున్నారు కాబట్టి, భజన అయ్యాక పదిన్నరకి తిని పదకొండుకి పడుకుంటున్నారేమో గమనించి ఆ మాట కూడా డాక్టరుకి చెప్పండి.

ఆ పరీక్షకి ముందు నేను ఏం చెప్పినా సగం సలహానే. మిగతా సగం మీరు అక్కడి నుంచి తెచ్చుకోవాలి.

ఇక నాభి సంగతి. మీ మాస్టారు తప్పు చెప్పలేదు. ఆ మాట మన సంగీతంలో చాలా పాతది. త్యాగరాజస్వామి జగన్మోహిని రాగంలో చేసిన కృతిలో సప్తస్వరాలు శోభిల్లే చోట్లు చెబుతూ నాభితోనే మొదలుపెట్టారు, ఆ తర్వాతే హృదయం, కంఠం. కానీ అది పాడేవారికి లోపల కలిగే అనుభూతి. దాన్ని కండరాలకి ఇచ్చిన ఆజ్ఞగా తీసుకుంటేనే చిక్కు. గాలి నాభిలోకి వెళ్ళదు, ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. వాటి అడుగున గొడుగులా పరుచుకున్న కండరం ఉంది. మీరు పిల్లలకి చెప్పే ఉదరవితానం అదే. ఊపిరి తీసినప్పుడు ఆ గొడుగు కిందికి దిగుతుంది. పొట్టలో ఉన్నవాటికి చోటు కావాలి కదా, అందుకని పొట్ట, పక్కటెముకలు మెత్తగా వెడల్పవుతాయి. వదిలేటప్పుడు గొడుగు మళ్ళీ పైకి, పొట్ట నెమ్మదిగా లోపలికి. మీరు చూసిన వీడియోల్లో ఒకాయన తీసే ఊపిరి గురించి చెప్పారు, ఇంకొకావిడ వదిలే ఊపిరి గురించి చెప్పారు. ఇద్దరూ నిజమే చెప్పారు, సగం సగం.

మీరు చేస్తున్నది ఈ రెండూ కాదు. బిగిస్తున్నారు. నీళ్ళ బిందె ఎత్తేటప్పుడు ఏమవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పొట్ట బిగుసుకుంటుంది, దాంతోపాటు గొంతు దానంతటదే మూసుకుపోతుంది. 'హుఁ' అన్న శబ్దం వచ్చేది అందుకే. బరువెత్తడానికి దేహం చేసుకున్న ఏర్పాటది. పొట్ట బిగించి 'స స రి రి' అంటే బిందె ఎత్తుతూ పాడినట్టే. మూసుకుంటున్న స్వరతంత్రుల మధ్య నుంచి గాలిని బలవంతంగా తోస్తున్నారు. మెడ నరాలు లాగడం, పది నిమిషాలకే గరగర, రెండింటికీ మూలం ఇదే. జంట వరసల్లో రెండో స్వరాన్ని నొక్కమన్నారు కదా, అక్కడ ఈ తోపుడు ఇంకా పెరుగుతుంది.

పాడటమంటే గాలిని తోయడం కాదమ్మా, గాలిని ఆపుకుంటూ ఖర్చు చేయడం. నాకిది ఆలస్యంగా తెలిసింది. ఇరవై ఆరో ఏట, నాకు సరిపడని శ్రుతిలో కూర్చోబెట్టి కచేరీకి సాధన చేయించారు. గట్టిగా, ఇంకా గట్టిగా అన్నారు, నేనూ తోశాను. ఆ ఏడాది మూడు నెలలు నాకు మాట రాలేదు. మీ ఉత్తరంలో ఆ పాప మాట చదివినప్పుడు అందుకే నా కళ్ళు తడిశాయి.

మన ఉత్తరాంధ్రలో, అటు మీ వైపు గజపతి, గంజాం జిల్లాల్లో పెద్దతరం మాస్టర్ల చెవిలో ఇంకా మైకు లేని కాలపు గొంతే ఉందని నాకనిపిస్తుంది. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలుగా వచ్చిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకులు. వెనకవరస దాకా వినపడాలన్న పట్టుదల అలాంటి సభల నుంచి వచ్చింది. ఆ పట్టుదల గొప్పదే. అయితే వాళ్ళు రోజంతా నలభై మంది పిల్లల మీద అరిచి వచ్చి పాడలేదు.

ఇంట్లో ఇలా చేసి చూడండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పొట్ట మీద పాప నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీస్తే పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. నిండా పీల్చకండి. మూడొంతులకు రెండొంతులు చాలు, ఎక్కువ నింపితే బయటికి తన్నుకొస్తుంది. తర్వాత పళ్ళ మధ్య నుంచి 'స్‌స్‌స్' అంటూ ఒకే సన్నటి ధారగా వదలండి. మొదట్లో పదిహేను సెకన్లు వస్తే సంతోషించండి. ధార వణకకుండా ఉండటమే ముఖ్యం, ఎన్ని సెకన్లన్నది కాదు. పుస్తకం మెల్లగా దిగుతూ ఉంటుంది చూడండి, మాస్టారు చెప్పే నాభి అదే. వారం రోజులకి అది తెలిశాక లేచి కూర్చుని అదే చేయండి.

డాక్టరు పాడొచ్చన్నాక ఇంకో రెండు చేర్చండి. పిల్లలు బస్సాట ఆడుతూ పెదాలతో 'బుర్ర్ర్' అంటారే, ఆ శబ్దంతో మధ్యస్థాయిలో స నుంచి ప దాకా ఎక్కి దిగండి. గాలి తక్కువైతే పెదాలు ఆగిపోతాయి, ఎక్కువైతే తుంపర్లు పడతాయి, మీ తప్పు మీకే తెలుస్తుంది. రెండోది, కొబ్బరిబొండంలో వేసే స్ట్రా ఒకటి గ్లాసు నీళ్ళలో రెండు వేళ్ళ లోతు ముంచి, దానిలోకి 'ఊ' అని పాడటం. బుడగలు ఒకే తీరున రావాలి. నీళ్ళ ఎదురొత్తిడి వల్ల స్వరతంత్రులు తక్కువ దెబ్బతో కదులుతాయి. బడికి బయల్దేరే ముందు నాలుగు నిమిషాలు ఇది చేస్తే, బడి అసెంబ్లీలో ఒడిశా రాష్ట్ర గీతం 'బందే ఉత్కళ జననీ' ఎత్తుకునేటప్పుడు గొంతు చల్లగా ఉండదు. రోజూ మీరు పాడే మొదటి పాట అదే కదా. దానికి ముందు గొంతుని లేపుతున్నారా? పిల్లలంతా అందుకునే శ్రుతి కూడా పైనే ఉంటుంది.

కూర్చునే తీరు గురించి మీరేమీ రాయలేదు, నేనే అడుగుతాను. మఠం వేసుకుని చదునైన నేల మీద కూర్చుంటున్నారా? అలా కూర్చుంటే మనలో చాలామందికి నడుము వెనక్కి వాలి, వీపు గూనిలా వంగి, పక్కటెముకలు పొట్ట మీదికి దిగిపోతాయి. ఇక ఆ గొడుగు దిగడానికి చోటేదీ? దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకోండి, మోకాళ్ళు తుంటి కన్నా కిందికి రావాలి. వీపు దానంతటదే నిలబడుతుంది. పుస్తకం నేల మీద పెట్టి చూస్తే మెడ వంగి స్వరపేటిక నొక్కుకుంటుంది, వ్యాసపీఠం వాడండి. పై స్థాయికి వెళ్ళేటప్పుడు గడ్డం పైకెత్తే అలవాటుంటే పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడ్డం లేచినప్పుడల్లా చెప్పమనండి. పిల్లలు ఈ పని చాలా శ్రద్ధగా చేస్తారు. ఇంకొక మాట, మగ మాస్టర్లు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. చీర కింద లంగా బొందు బిగించి కట్టి పాడటానికి కూర్చోకండి. సరిగ్గా వెడల్పవ్వాల్సిన చోటే తాడు బిగిస్తున్నాం మనం. పాఠానికి వెళ్ళే రోజు బొందు రెండు వేళ్ళు పట్టేంత వదులుగా కట్టుకోండి, లేదా సల్వార్ వేసుకోండి.

'ఆ' కారం 'ఓ'లా ఉందన్న విసుగు గురించి దిగులు పడొద్దు. అది గొంతు లోపం కాదు. ఒడియాలో 'అ' అక్షరాన్ని పెదాలు కాస్త గుండ్రం చేసి పలుకుతారు, జగన్నాథుడి పేరు మీ వీధిలో రోజూ ఎలా వింటారో మీకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ భాషలో చదివి, ఆ భాషలోనే పాఠాలు చెప్పే నోరు అది. అద్దం ముందు నాలుక కొసని కింది పళ్ళకి ఆనించి, పెదాలు వదిలేసి, 'అమ్మ'లో అ అని సాగదీయండి. వారానికోసారి మాస్టారికి వినిపించండి. సరిపోతుంది. పదాలు అచ్చుతో ముగిసే రెండు భాషలు నోట్లో ఉన్నదానివి తల్లీ, పాటకి అది మంచి సొత్తు.

శ్రుతి దగ్గరికి వస్తే భజన సంగతి వస్తుంది. మీకు ఎక్కువ కష్టం అక్కడేనని తెలుసు. ఆడవారి శ్రుతి మామూలుగా నాలుగున్నర నుంచి ఆరు మధ్య, మగవారిది ఒకటి నుంచి రెండు దాకా. మీ బావగారి ఒకటిన్నరలో మీరు పైన షడ్జమం (స) పట్టుకుంటే, తారాషడ్జమం (దాని పై స్థాయి స) దగ్గర మీ స్వరతంత్రులు సెకనుకి దాదాపు 554 సార్లు తగులుకుంటాయి. మాట్లాడేటప్పుడు ఆడవారికి అది సుమారు 200. అంటే ఆగకుండా గంట మాట్లాడితేనే 7 లక్షలు దాటుతుంది. బడి, భజన, పాఠం మూడూ ఒకే జత తంత్రుల మీద పడుతున్నాయి. అరుపైనా గొణుగుడైనా అది మీ చేతకానితనం కాదు. ఆ శ్రుతిలో ఆడగొంతుకి మధ్యలో నిలబడే చోటు తక్కువ.

సొంత శ్రుతి కనుక్కోవడం కష్టం కాదు. గొంతు బాగున్న రోజున, శ్రమ లేకుండా స్పష్టంగా పలికే అట్టడుగు స్వరాన్ని మంద్ర పంచమం (కింది స్థాయి ప) అనుకుని ప ద ని స అని ఎక్కండి, ఆ షడ్జమం ఇంచుమించు మీది. బొంగురుగా ఉన్నప్పుడు మాత్రం చూడకండి. వాచిన తంత్రులు కిందికి దిగుతాయి, తప్పు శ్రుతి చూపిస్తాయి. మీ మాస్టారు శ్రుతిపెట్టె దేనిమీద పెడుతున్నారో ఉత్తరంలో లేదు. అదీ అడిగి తెలుసుకోండి. తన శ్రుతిలోనే నేర్పుతుంటే మర్యాదగా మీ శ్రుతి అడగండి. ఒప్పుకోకపోతే గురువుని మార్చుకోవడం పాపం కాదు, కానీ ఆరు నెలల చనువు పోతుంది, పాతపట్నం దాటి వెళ్ళాల్సి రావచ్చు. ముందు అడిగి చూడండి.

భజనకి నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, పరీక్ష అయ్యేదాకా పూర్తిగా మానడం. గొంతుకి ఇదే మేలు. కానీ ఇంట్లో 'మాస్టారి పాట మొదలయ్యాక మన భజన చిన్నదైపోయింది' అన్న మాట రావచ్చు. ఆ మాట పడే ఓపిక మీకుందో లేదో మీకే తెలుసు. రెండు, వెళ్ళి కూర్చుని తాళాలు వేయడం, నోరు కదపకపోవడం. మనిషి అక్కడే ఉంటారు కాబట్టి బావగారికి నొప్పి ఉండదు. కష్టం మీకే, పాట చెవిన పడుతుంటే పాడకుండా ఉండలేరు. గుసగుసగా పాడితే విశ్రాంతి అనుకుంటారేమో, గుసగుస కూడా తంత్రుల్ని శ్రమపెడుతుంది. మూడు, శ్రుతి మార్చమని అడగడం. మీకు సరిపోయే ఐదుకి పెడితే మగవాళ్ళు పైన అరవాలి, లేదా మంద్రంలో మునిగిపోవాలి. రెండు పక్షాలకీ సరిపడే శ్రుతి నిజంగా లేదు. నాలుగైదు భజనలు ఆడవాళ్ళు తమ శ్రుతిలో ఎత్తుకుని, మగవాళ్ళు చరణాంతంలో నామం మాత్రం అందుకోవడం, తర్వాత బావగారు తన శ్రుతిలో ఎత్తుకుంటే ఆడవాళ్ళు అలాగే చేయడం, ఇది నేను చూసిన భజనల్లో బాగానే నడిచింది. మధ్యలో హార్మోనియం ఆపి శ్రుతి మార్చాలి, పాట ఊపు కాస్త తెగుతుంది. ఆ ఊపే భజనకి ప్రాణమనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు.

నేనైతే నవమి దాకా రెండోదాన్నీ, ఆ తర్వాత మూడోదాన్నీ ఎంచుకుంటాను. మీ ఇంటి తీరు మీకే తెలుసు, తేల్చుకోవాల్సింది మీరే. బావగారితో నేరుగా అనలేకపోతే మీ తోడికోడలితో అనండి. ఏడాదికేడాది అదే ఒకటిన్నరలో ఆవిడ గొంతు ఏమైందో కూడా అడగండి. ఆవిడకీ చెప్పుకోవాల్సినది ఉండొచ్చు. ఏమీ మార్చకుండా నవమి దాకా నెట్టుకొస్తే మాత్రం, వాపుగా ఉన్నది గట్టిపడే ప్రమాదం ఉంది. పాడుతూనో అరుస్తూనో ఉండగా ఉన్నట్టుండి గొంతు తెగిపోయినట్టు ఆగిపోతే, ఆ క్షణం నుంచి మాట కూడా వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అత్తగారి మిరియాలు, పటికబెల్లం మానమనను. ప్రేమతో ఇస్తున్నారు, గొంతు పైభాగానికి హాయిగానే ఉంటుంది. అయితే మింగినదేదీ స్వరతంత్రుల్ని తాకదు. అటు వెళితే పొలమారుతుంది. నీళ్ళు కూడా ఒంట్లో ఇంకాకే వాటికి అందుతాయి, కాబట్టి పాడే ముందు గటగట తాగడం కన్నా పొద్దుట్నుంచీ కొంచెం కొంచెం తాగండి. నేరుగా తంత్రుల దాకా వెళ్ళేది ఆవిరి ఒక్కటే. కడుపులో పులుపని డాక్టరు అంటే మాత్రం మిరియాలు ఆపమని మీరే అత్తగారికి చెప్పాలి. మాటిమాటికీ ఖంగుమని గొంతు సవరించుకోకండి, అది తంత్రుల్ని ఒకదానికొకటి కొట్టడమే. ఒక గుటక నీళ్ళు, అంతే. బడిలో నడుముకి కట్టుకునే చిన్న మైకు కొనుక్కోండి, పిల్లల్ని పిలవడానికి అరుపు బదులు చప్పట్లు.

37 ఏళ్ళకి గొంతు ముదిరిపోదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, పదునుపడటానికి పదేళ్ళ పిల్లకన్నా కాస్త ఎక్కువ సమయం పడుతుందేమో. కానీ శ్వాస సంగతి చెబితే ఆ పిల్లకన్నా మీకు త్వరగా అర్థమవుతుంది. మూడు వారాలు పాఠం ఆపాల్సి వచ్చినా ఆదివారాలు పాతపట్నం వెళ్ళడం ఆపకండి. మాస్టారి ఎదుట కూర్చుని, చేత్తో తాళం వేస్తూ, మనసులో వరసలు పాడుకుంటూ వినండి. మీరు భయపడుతున్నట్టు పాట మధ్యలో తెగిపోవడం అప్పుడు జరగదు. నీలమణి దుర్గ గుడి మీదుగానే కదా దారి.

బరంపురమో శ్రీకాకుళమో వెళ్ళొచ్చాక డాక్టరు ఏమన్నారో, మాస్టారి శ్రుతిపెట్టె ఎంతమీద ఉందో, ఈ రెండూ రాయండి. జంట వరసల సాధన రోజుకి ఎన్ని నిమిషాలు, ఏ కాలంలో, అంటే ఏ వేగంతో చేయాలో అప్పుడు చెబుతాను.